90 రోజుల నోటీసు, 33 రోజుల పని: ఒక క్యూసీ కెమిస్ట్ కేసు

"మేడం, నేను వచ్చే వారం నుంచి డ్యూటీకి వెళ్లకపోతే పోలీసులు వస్తారా?"

2023 ఏప్రిల్ 29, శనివారం సాయంత్రం. నా ఎదుట కూర్చున్నది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషి. పాశమైలారంలోని ఒక ఫార్మా ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) ల్యాబ్‌లో ఆరేళ్లుగా పనిచేస్తోంది. కార్మిక కేసులు చూసే నా దగ్గరికి ఇలా వచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువగా పోలీసుల మాట ఎత్తుతారు. హెచ్‌ఆర్ నోట "లీగల్ యాక్షన్" అన్న మాట వినగానే వాళ్లకు ఠాణాయే గుర్తొస్తుంది. నోటీసు పూర్తి చేయకుండా ఉద్యోగం మానడం నేరం కాదని, అది ఇద్దరి మధ్య ఒప్పందానికి సంబంధించిన డబ్బు తగాదా మాత్రమేనని ఆమెకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పాక గానీ మంచినీళ్ల గ్లాసు అందుకోలేదు.

ఈ కేసు గురించి రాయడానికి ఆమె ఒప్పుకుంది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఫైల్లో ఉన్నవి

2017 జూన్ నాటి అపాయింట్‌మెంట్ లెటర్. 2021 ఆగస్టులో సంతకం పెట్టిన ట్రైనింగ్ బాండ్, అంటే శిక్షణకు బదులుగా ఇన్నాళ్లు పనిచేస్తానని, మానితే డబ్బు కడతానని ఇచ్చిన హామీ. ఏప్రిల్ 3న పంపిన రాజీనామా మెయిల్ ప్రింటు. అనకాపల్లి జిల్లా పరవాడ ఫార్మా సిటీలోని మరో కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్. మే 8న చేరాలని అందులో ఉంది.

తల్లి అనకాపల్లిలో ఒంటరిగా ఉంటోంది. జనవరి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. పక్కింటివాళ్లు ఎన్నాళ్లని ఆటో ఎక్కించి తీసుకెళ్తారు? పరవాడ ఉద్యోగం జీతం కోసం వెతుక్కున్నది కాదు, అక్కడ ఐదు వేలు మాత్రమే ఎక్కువ. ఇదంతా రాజీనామా మెయిల్లో రాసింది. హెచ్‌ఆర్ నుంచి జవాబు లేదు. సెక్షన్ హెడ్ మాత్రం ల్యాబ్‌లో అందరి ముందూ, "90 రోజులు అంటే 90 రోజులేనమ్మా. ఒక్క రోజు తగ్గినా రిలీవింగ్ లెటర్ మర్చిపో" అన్నారు. ఎవరూ మెయిల్‌కి జవాబివ్వలేదు కాబట్టి రాజీనామా అసలు చెల్లుతుందో లేదో కూడా ఆమెకు అర్థం కాలేదు.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు క్లాజ్ రెండు వాక్యాలు. మొదటిది: ఇరు పక్షాల్లో ఎవరైనా 90 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చి, లేదా దానికి బదులు జీతం చెల్లించి ఉద్యోగం ముగించవచ్చు. రెండోది: నోటీసు కాలాన్ని తగ్గించాలా వద్దా అన్నది యాజమాన్యం ఇష్టం. మొదటి వాక్యం ఉద్యోగికి ఇచ్చిన దారిని రెండోది మూసేస్తోంది. ఇలాంటి లెటర్లు నేను చాలా చూశాను. చేరే రోజున ఆ "లేదా" మీద ఎవరి కళ్లూ నిలవవు. మానే రోజున కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆ సాయంత్రం ఆమెకు చెప్పింది ఇది. ఏ కోర్టూ నిన్ను మళ్లీ ఆ ల్యాబ్‌లో కూర్చోబెట్టి పని చేయించదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, మనిషి సొంత నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించరు. రాజీనామా ఉద్యోగి హక్కు అని, సర్వీసు నిబంధనల్లో వేరే షరతు ఉంటేనో, క్రమశిక్షణ చర్య పెండింగ్‌లో ఉంటేనో తప్ప, ఇష్టం లేనివాణ్ణి పని చేయమని నిర్బంధించలేరని సంజయ్ జైన్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ అడగగలిగింది డబ్బే. ఆ డబ్బుకీ హద్దుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. కాగితం మీది అంకె పైకప్పు మాత్రమే.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. నష్టం కళ్లకు కనిపించే ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. పైలట్లకు 2017లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నోటీసు కాలం పెంచింది: కెప్టెన్‌కు ఏడాది, కో-పైలట్‌కు ఆరు నెలలు. 2023లో 43 మంది పైలట్లు నోటీసు పూర్తి చేయకుండా వెళ్లిపోవడంతో విమానాలు రద్దు చేయాల్సి వచ్చిందని ఆకాశ ఎయిర్ కోర్టుకెక్కింది. సీట్లో కూర్చునే మనిషి లేకపోతే విమానం లేవదు. 20 మందికి పైగా ఎనలిస్టులున్న ల్యాబ్‌లో ఒకరు రెండు నెలల ముందు వెళ్లిపోతే అలాంటి నష్టం రుజువు చేయడం కంపెనీకి తేలిక కాదు.

ఆఖరి వారం

ఈ కేసులో నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా ఉపయోగపడింది లీగల్ నోటీసులు రాయడం కాదు, ఆమె ఆఖరి వారం ఎలా గడపాలో ఆమెతో కలిసి కూర్చుని రాసుకోవడం. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

చాలామంది భయంతో ఒక రోజు ఫోన్ ఆపేసి మాయమవుతారు. "ఎలాగూ గొడవే కదా, చెప్పి వెళ్లినా ఒకటే, చెప్పకుండా వెళ్లినా ఒకటే" అంటారు. ఒకటి కానే కాదు. రాజీనామా ఇచ్చి, పని అప్పగించి, నోటీసు తక్కువ పడిన మనిషి వేరు. పని మధ్యలో వదిలేసి పారిపోయిందని రికార్డులో ముద్ర పడిన మనిషి వేరు. మొదటిది లెక్కతో తేలిపోతుంది. రెండోది తర్వాతి ఉద్యోగాల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దాకా వెంటాడుతుంది. ఫార్మా ల్యాబ్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మనిషి సగంలో వదిలిన పరీక్ష ఎక్కడో ఒక రోగి మింగబోయే మాత్రకు సంబంధించింది.

అప్పటికి ఆమె చేతిలో ఒక ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) విచారణ ఉంది. ఒక బ్యాచ్ ఎస్సే, అంటే మందు పరిమాణాన్ని కొలిచే పరీక్ష, ఫలితం నిర్ణీత హద్దు దాటింది. అలాంటప్పుడు మొదట ల్యాబ్‌లోనే విచారణ జరుగుతుంది: తూకం సరిగ్గా ఉందా, డైల్యూషన్‌లో తప్పు జరిగిందా, పరీక్ష మిషన్‌లోని కాలమ్ ఎలా ఉంది అని పరీక్ష చేసిన ఎనలిస్టునే కూర్చోబెట్టి అడుగుతారు. ఆమె వెళ్లిపోతే ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లుండరు. "ఇది పూర్తి చేయకుండా కదలొద్దమ్మా" అన్నాను. ఆమె కూడా అదే అనుకుని వచ్చింది. మే 5న రాత్రి పది దాకా ఉండి తన వాంగ్మూలం రాసి, సంతకం చేసి క్యూఏకి (క్వాలిటీ అస్యూరెన్స్ విభాగానికి) ఇచ్చింది.

మే 4న హ్యాండోవర్ మెయిల్ పంపించాం. సెక్షన్ హెడ్‌కి, హెచ్‌ఆర్, క్యూఏలకు కాపీ. అందులో రాసినవి: ఆమె పేరు మీద ఉన్న రెండు హెచ్‌పీఎల్‌సీల (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే మిషన్ల) లాగ్‌బుక్ నంబర్లు, ఆమెకు ఇష్యూ చేసిన కాలమ్‌లు, మే నెలలో స్టెబిలిటీ చాంబర్ నుంచి తీయాల్సిన శాంపిళ్లు, ఆమె చూసుకునే రిఫరెన్స్ స్టాండర్డ్‌ల జాబితా, లాకర్ తాళం, ఐడీ కార్డు. చివర ఒక వాక్యం నేను పట్టుబట్టి రాయించాను: "మే 6 సాయంత్రం డ్యూటీ ముగిశాక ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో నా యూజర్ ఐడీలు నిలిపివేయండి."

ఆ వాక్యం ఎందుకో ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అమెరికాకు మందులు పంపే ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రానిక్ రికార్డులకు అక్కడి 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధనలు వర్తిస్తాయి. ఒక యూజర్ ఐడీతో జరిగిన ప్రతి పనికీ ఆ ఐడీ మనిషిదే బాధ్యత. ఆమె అనకాపల్లిలో ఉండగా ఇక్కడ ఆమె ఐడీతో ఎవరైనా ఒక క్రొమాటోగ్రామ్ (ఆ మిషన్ గీసే ఫలితాల గ్రాఫ్) తిరిగి ఇంటిగ్రేట్ చేస్తే, అంటే మళ్లీ లెక్కకడితే, జవాబు చెప్పుకోవాల్సింది ఆమె.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను. సాక్ష్యం కావాలని ల్యాబ్‌లో ఒక్క కాగితం కూడా ఫోన్‌లో ఫోటో తీయొద్దు. లాగ్‌బుక్, బ్యాచ్ డేటా కంపెనీ రహస్య సమాచారం. వాటిని తీసుకెళ్తే నోటీసు తగాదా కాస్తా డేటా దొంగతనం కేసు అవుతుంది. అప్పుడు పోలీసుల గురించి ఆమె అడిగిన ప్రశ్నకు నా జవాబు మారిపోతుంది.

హ్యాండోవర్ మెయిల్‌కి సెక్షన్ హెడ్ "నోటెడ్" అని ఒక్క మాటలో జవాబిచ్చారు. ఆ ఒక్క మాట కేసు చివరిదాకా మాకు కాపలా కాసింది.

మే 6, శనివారం ఆమె ఆఖరి పనిరోజు. రాజీనామా ఇచ్చిన మర్నాటి నుంచి లెక్కిస్తే 33 రోజులు. 90లో 57 తక్కువ.

వాళ్ల లెక్క

ఏప్రిల్ జీతం మామూలుగా ఒకటో తారీఖున పడేది, ఈసారి పడలేదు. మే 12న ఒక లెటర్ వచ్చింది: అనుమతి లేకుండా గైర్హాజరు అయ్యారు, 48 గంటల్లో రిపోర్ట్ చేయకపోతే అబ్‌స్కాండింగ్‌గా, అంటే చెప్పకుండా పారిపోయినట్టుగా పరిగణిస్తాం. రాజీనామా మెయిల్‌నీ, హ్యాండోవర్ మెయిల్‌నీ, "నోటెడ్" జవాబునీ జతచేసి అదే రోజు ఆమె చేత జవాబు పంపించాను. నాలుగే వాక్యాలు. కోపం లేదు, వేడుకోలు లేదు.

మే 18న ఫుల్ అండ్ ఫైనల్ స్టేట్‌మెంట్, అంటే ఆఖరి లెక్కల పత్రం వచ్చింది. ఆమె గ్రాస్ జీతం నెలకు రూ.46,000, అందులో బేసిక్ రూ.19,500. కంపెనీ తాను ఇవ్వాల్సిందని చూపినవి: ఏప్రిల్ జీతం 46,000, మే నెలలో ఆరు రోజులకు 8,903, వాడుకోని 13 ఎర్న్‌డ్ లీవులకు 23,000. మొత్తం రూ.77,903. ఆమె ఇవ్వాల్సిందని చూపినవి: 57 రోజుల నోటీసు జీతం గ్రాస్ లెక్కన 87,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 15,732, ట్రైనింగ్ బాండ్ 50,000. మొత్తం రూ.1,53,132. తేడా రూ.75,229 పదిహేను రోజుల్లో కట్టాలట. అది కట్టాకే గ్రాట్యుటీ, రిలీవింగ్ లెటర్ "పరిశీలిస్తాం" అని కింద రాశారు.

ఆరేళ్లు పనిచేసిన మనిషి ఎదురు డబ్బు కట్టి బయటపడాలన్నమాట. స్టేట్‌మెంట్ నాకు వాట్సాప్‌లో పంపి, వెంటనే ఫోన్ చేసింది. "మేడం, అమ్మ గాజులు పెడితే యాభై దాకా వస్తాయి. మిగతాది..." అంది. గాజులు బీరువాలోనే ఉంచమన్నాను.

జీఎస్టీ సంగతి తేల్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. నోటీసు జీతం రికవరీ మీద జీఎస్టీ ఉంటుందని ఒకప్పుడు వాదనలు నడిచిన మాట నిజమే. కానీ 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 178వ సర్క్యులర్ దాన్ని ముగించింది. ఉద్యోగి మధ్యలో వెళ్లిపోయినందుకు వసూలు చేసే మొత్తం ఏ సేవకూ ప్రతిఫలం కాదు, కాబట్టి పన్ను లేదు. హెచ్‌ఆర్ వాళ్లు పాత టెంప్లేట్ వాడి ఉంటారు. పదిహేను వేలు అక్కడే పోయాయి.

గ్రాట్యుటీని పట్టి ఉంచడం ఇంకా పెద్ద తప్పు. అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం 4వ సెక్షన్ ఆరో ఉపవిభాగం చెప్పిన కారణాలకు తప్ప దాన్ని ఆపే వీల్లేదు. కావాలని గానీ నిర్లక్ష్యంతో గానీ ఆస్తి నష్టం చేసినందుకు, హింసకు పాల్పడినందుకు, నైతిక పతనంతో కూడిన నేరం చేసినందుకు ఉద్యోగంలోంచి తీసేసిన సందర్భాలు అవి. నోటీసు తక్కువ పడటం ఆ జాబితాలో లేదు. ఆమె సర్వీసు ఐదేళ్ల పది నెలలు. ఆరు నెలలు దాటిన భాగం పూర్తి సంవత్సరం కింద లెక్క. 19,500ని 26తో భాగించి, 15తో గుణించి, ఆరేళ్లకు వేస్తే రూ.67,500. మే 22న నా లీగల్ నోటీసుతో పాటే ఫారం ఐ (గ్రాట్యుటీ దరఖాస్తు) కూడా పంపాం.

లీవు డబ్బుకీ గడువుండేది. అప్పటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ ప్రకారం పనివాడు తానుగా మానేసినా సరే, మిగిలిన లీవుల జీతం రెండో పనిదినం ముగిసేలోపు చెల్లించాల్సి ఉండేది.

గేటు దగ్గరి బోర్డు

అసలు విషయం ఆ లీగల్ నోటీసు రాస్తుండగా బయటపడింది. నిజానికి ఇది నేను మొదటి రోజే అడగాల్సింది. అడగలేదు. 74వ సెక్షన్ చుట్టూ దాన్ని సగం రాసేశాక, మే 20న ఫోన్‌లో మాట్లాడుతూ, "ఫ్యాక్టరీలో మొత్తం ఎంతమంది ఉంటారమ్మా?" అన్నాను.

"పర్మనెంట్ వాళ్లే నాలుగొందలు దాటతారు మేడం."

"స్టాండింగ్ ఆర్డర్స్ అని ఎక్కడైనా చూశావా?"

కాసేపు ఆలోచించింది. "బస్సు ఎక్కే గేటు దగ్గర గోడకి అద్దం పెట్టెలో ఒక కాగితం ఉంటుంది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. స్థాయీ ఉత్తర్వులు అని ఉంటుంది. ఎండకి వెలిసిపోయింది. ఎవరూ చదవరు."

స్టాండింగ్ ఆర్డర్స్ అంటే ఫ్యాక్టరీలో పని షరతులు చెప్పే, ప్రభుత్వ అధికారి సర్టిఫై చేసిన నిబంధనలు. అప్పట్లో అమల్లో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, సర్టిఫై అయిన ఉత్తర్వులను ఇంగ్లీషులోనూ, పనివాళ్లలో ఎక్కువమందికి తెలిసిన భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టాల్సి ఉండేది. 100 మంది లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలకు ఈ చట్టం వర్తించేది. 8వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే ఫీజు కట్టి సర్టిఫైయింగ్ ఆఫీసర్ దగ్గర వాటి నకలు తీసుకునే వీలుండేది. దరఖాస్తు పెట్టాను. తొమ్మిది రోజులకు నకలు వచ్చింది.

13వ క్లాజ్: నెల జీతం మీద పనిచేసే పర్మనెంట్ కార్మికుడు ఉద్యోగం మానాలన్నా, యాజమాన్యం అతన్ని తీసేయాలన్నా ఒక నెల నోటీసు, లేదా ఒక నెల జీతం. కేంద్ర నిబంధనల మోడల్ స్టాండింగ్ ఆర్డర్స్‌లో 13వ క్లాజ్ చెప్పేదీ ఇదే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో 90 రోజులు. గేటు దగ్గర ఒక నెల. ఈ రెండిట్లో ఏది నిలుస్తుంది? స్టాండింగ్ ఆర్డర్స్‌కు విరుద్ధంగా కార్మికుడితో విడిగా రాయించుకున్న షరతు చెల్లదని 1973లో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ తగాదా ప్రొబేషన్ గురించి. సూత్రం మాత్రం నోటీసుకూ అదే.

ఆమె 33 రోజులు పనిచేసింది. ఒక నెల కన్నా ఎక్కువే. బోర్డు మీది మాట నిలిస్తే బాకీ ఒక్క రూపాయి కూడా లేదు.

ఆమె కార్మికురాలా?

స్టాండింగ్ ఆర్డర్స్ వర్తించేది "వర్క్‌మన్" (కార్మికుడు) అన్న నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. ఆమె హోదా "ఎగ్జిక్యూటివ్, క్యూసీ". కంపెనీ దీన్నే పట్టుకుంటుందని ముందే తెలుసు.

హోదా పేరు కాదు, ప్రధానంగా చేసే పని ఏమిటన్నది చూడాలని 1994లో ఎస్.కె. మైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది మెడికల్ రిప్రజెంటేటివ్‌లు వర్క్‌మన్ కారని మరో తీర్పూ వచ్చింది. కాబట్టి ఫార్మాలో పని అనగానే కార్మికుడైపోరు. పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిన పనుల్లో సాంకేతిక పని ఒకటి. శాంపిల్ తూచి, డైల్యూట్ చేసి, ఇంజెక్ట్ చేసి, ఫలితం రాయడం సాంకేతిక పని కాకపోతే ఇంకేది?

రుజువులు ఆమె దగ్గరే ఉన్నాయి, ల్యాబ్ నుంచి ఏమీ తేకుండానే. ఏటా ఆమెకు ఇచ్చిన అప్రైజల్ కాపీల్లో లక్ష్యాల కింద రోజుకు ఎన్ని శాంపిళ్లు చేయాలి, ఎన్ని తప్పులు మించకూడదు అని ఉంది. ఎవరి లీవు మంజూరు చేయాలి, ఎవరిని అంచనా వేయాలి అన్న ఊసే లేదు. వాట్సాప్ గ్రూపులో వచ్చే షిఫ్టు రోస్టర్లలో ఆమె పేరు ఎదుట "ఎనలిస్ట్" అనే ఉంది. ఏ, బీ, సీ షిఫ్టులు మిగతావాళ్లతో సమానంగా చేసింది. కింద ఒక్క మనిషి కూడా రిపోర్ట్ చేయలేదు.

ఈ ప్రశ్న ఇంకో దారి కూడా తెరిచింది. వేతన చెల్లింపు చట్టం కింద క్లెయిమ్ వేయడానికి అప్పట్లో నెలకు రూ.24,000 పరిమితి ఉండేది. ఆమె జీతం అది దాటింది. వర్క్‌మన్ అయితే పారిశ్రామిక వివాదాల చట్టం 33సీ(2) కింద లేబర్ కోర్టులో బకాయి అడగొచ్చు. పిటిషన్ రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. ముందు సంగారెడ్డిలో కార్మిక శాఖ అధికారి దగ్గర ఫిర్యాదు వేశాం.

జూన్ 14, జూలై 5

మొదటి సమావేశానికి హెచ్‌ఆర్ మేనేజర్ ఒక్కరే వచ్చారు. మర్యాదస్తులు. "మేడం, ఈ పిల్ల మీద మాకేం కోపం లేదు. కానీ ఈమెను వదిలేస్తే రేపు ల్యాబ్ అంతా ఇదే చేస్తుంది" అన్నారు. ఆ మాటలో నిజాయితీ ఉంది. ఫార్మాలో క్యూసీ మనుషులు దొరకడం కష్టం, ఆడిట్ ముందు ఇద్దరు వెళ్లిపోయినా ల్యాబ్ ఇబ్బంది పడుతుంది. ఆయన బాధ నాకు అర్థమైంది. అయితే ల్యాబ్ అంతా వెళ్లిపోకుండా ఆపడానికి ఒక్క మనిషి గ్రాట్యుటీ పట్టి ఉంచడం దారి కాదని ఆయన ముఖం మీదే చెప్పాను.

స్టాండింగ్ ఆర్డర్స్ నకలు బల్ల మీద పెట్టాను. ఆయన 13వ క్లాజ్ చదివి, "ఇది వర్కర్స్‌కండీ. మేడం ఎగ్జిక్యూటివ్" అన్నారు.

అధికారి ఆమె వైపు తిరిగి, "మీ కింద ఎంతమంది పనిచేసేవాళ్లమ్మా?" అని అడిగారు.

"ఎవరూ లేరు సార్. నేనే చేసేదాన్ని."

అధికారి ఇంకేమీ అడగలేదు. లాగ్‌బుక్‌లు కంపెనీయే తెచ్చి చూపించాలని, వచ్చే వాయిదా జూలై 5 అని రాశారు.

జూలై 5న లాగ్‌బుక్‌లు రాలేదు, కంపెనీ న్యాయవాది వచ్చారు. ఆ పుస్తకాల్లో ప్రతి పేజీలో "పరీక్ష చేసినవారు" అన్న గడిలో ఆమె సంతకమే ఉంటుందని, "సరిచూసినవారు" అన్న గడిలో ఎక్కడా ఉండదని ఆయనకీ తెలుసు. రాజీ మాట మొదట ఆయనే ఎత్తారు.

మిగిలింది బాండ్. 2021 ఆగస్టులో కొత్త హెచ్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ మీద మూడు రోజుల శిక్షణ. దానికి రెండేళ్లు పనిచేయాలని, మానితే యాభై వేలు కట్టాలని రాయించుకున్నారు. శిక్షణ ఇచ్చింది మిషన్ అమ్మిన కంపెనీ ఇంజనీరు, ఇన్‌స్టలేషన్‌లో భాగంగా. కంపెనీకి విడిగా అయిన ఖర్చు చూపించమని అడిగాం. చూపించలేదు.

బాండ్‌లన్నీ చెల్లవని చెప్పడం సులువు, నిజం కాదు. 2011లో సిక్పా ఇండియా కేసులో ఢిల్లీ హైకోర్టు ముందున్న బాండ్ రెండు లక్షలకు, మూడేళ్లకు. కోర్టు అసలు ఖర్చు రూ.67,596 అని తేల్చి, ఉద్యోగి మూడేళ్లలో రెండేళ్లు పూర్తి చేశాడు కాబట్టి మూడో వంతు, రూ.22,532 మాత్రమే ఇప్పించింది. నేను మొదటి నుంచీ ఈ లెక్కే సరైందని నమ్ముతాను. అయితే 2025 మే నెలలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లు పనిచేయకపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. ప్రభుత్వరంగ బ్యాంకు నియామకాలకు పెట్టే ఖర్చూ శ్రమా అందులో పరిగణనకు వచ్చాయి. కాబట్టి బాండ్ మీద సంతకం ఉన్నవాళ్లు ఎవరి మాటో విని చించి పారేయొద్దు.

మా కేసులో 24 నెలలకు 21 నెలలు పూర్తయ్యాయి. మూడు నెలల వాటా రూ.6,250. ఖర్చు రుజువు కాలేదు కాబట్టి అదీ ఇవ్వక్కర్లేదని వాదించవచ్చు. కానీ ఆమెను అడిగితే, "ఆ ట్రైనింగ్ నాకు పనికొచ్చింది మేడం. ఇక్కడా అదే సాఫ్ట్‌వేర్. ఇచ్చేద్దాం" అంది. ఒప్పుకున్నాం. గ్రాట్యుటీలోంచి కాకుండా జీతంలోంచి మినహాయించాలని మాత్రం పట్టుబట్టి రాయించాను.

ఇప్పుడైతే

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికీ రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలి. పాత చట్టం ఆ గడువును యాజమాన్యం తీసేసిన సందర్భానికే పెట్టింది. నలభై ఐదు రోజుల ఫుల్ అండ్ ఫైనల్ అలవాటుకు ఇది గట్టి దెబ్బ. మరోపక్క స్టాండింగ్ ఆర్డర్స్ పరిమితి 100 నుంచి 300 మంది కార్మికులకు పెరిగింది. ఈ కేసు ఇవాళ 200 మంది ఉన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఉంటే గేటు దగ్గరి బోర్డు మీద ఇంత ధీమాగా నిలబడలేం. 74వ సెక్షన్ కింద సమంజసం ఎంత అన్న వాదనే చేయాలి. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న, ఫ్యాక్టరీలో ఎంతమంది అని.

కొత్త కంపెనీ నోటీసు బయౌట్, అంటే పాత కంపెనీకి కట్టాల్సిన నోటీసు డబ్బు, తానే ఇస్తామంటే అది జీతంలో భాగంగా పన్నుకు వస్తుందని కూడా తెలుసుకోవాలి. ఈమెకూ 30 రోజుల బేసిక్ దాకా ఇస్తామన్నారు. వాడుకోవాల్సిన అవసరం రాలేదు.

జూలై 19

రాజీ పత్రం మీద సంతకాలు జరిగాయి. నోటీసు క్లెయిమ్, జీఎస్టీ పూర్తిగా రద్దు. అబ్‌స్కాండింగ్ లెటర్ ఉపసంహరణ. 77,903లోంచి బాండ్ వాటా 6,250 పోను జీతం, లీవు డబ్బు. దానికి వేరుగా గ్రాట్యుటీ 67,500. పీఎఫ్, పన్ను మినహాయింపులకు ముందు మొత్తం రూ.1,39,153. పీఎఫ్‌లో నిష్క్రమణ తేదీ మే 6 అని నమోదు చేయాలి. కంపెనీ చేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలలకు ఉద్యోగే పోర్టల్‌లో నమోదు చేసుకునే వీలుంది. కానీ కొత్త కంపెనీ మే నెల నుంచే చందా కడుతోంది కాబట్టి పాత కంపెనీ తప్పు తేదీ వేస్తే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనిపిస్తుంది. అందుకే తేదీని పత్రంలోనే రాయించాం.

ఒకటి వదిలేశాం. గ్రాట్యుటీ ముప్పై రోజుల్లో, అంటే జూన్ 5 లోపు ఇవ్వాలి. 44 రోజుల ఆలస్యానికి పది శాతం లెక్కన వడ్డీ దాదాపు రూ.814. అడుగుదామని పెన్ను తీశాను. ఆమె నా చేయి పట్టుకుంది. "వద్దు మేడం, లెటర్ ఇప్పించండి చాలు."

పరవాడ కంపెనీ రిలీవింగ్ లెటర్ కోసం మొదట జూన్ 22 దాకా, తర్వాత జూలై 22 దాకా గడువిచ్చింది. లెటర్ జూలై 20న మెయిల్‌లో వచ్చింది. ఆ రోజు తల్లిని డయాలసిస్‌కి తీసుకెళ్లి, ఆసుపత్రి వరండాలోంచి నాకు ఫార్వర్డ్ చేసింది.